బావ పేరు రాసిన డబ్బా

ఇరవై రెండేళ్లు ఒకే ఇంట్లో ఉన్నా మా బావతో నేను ముఖాముఖి మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బావ అంటే మా ఆయనకు సొంత అన్న, ఇంటికి పెద్ద. మా వైపు రైతు కుటుంబాల్లో తమ్ముడి భార్య బావ ఎదుట కూర్చోదు. ఆయన వస్తుంటే పక్కకు తప్పుకుంటుంది. ఏదైనా చెప్పాలంటే తోడికోడలికి చెబుతుంది. ఆయన నాలుగడుగుల దూరంలో మంచం మీద కూర్చుని అంతా వింటూనే ఉంటాడు. "అక్కా, బావకు కాఫీ పెట్టనా?" అని నేను అక్కను అడగాలి. "ఇప్పుడేం వద్దని చెప్పు" అని ఆయన అక్కతో అనాలి. అక్క ఇంట్లో లేకపోతే గోడకు చెప్పేవాళ్లం. నవ్వకండి, నిజంగానే గోడకు చెప్పేవాళ్లం. "బోరు మోటారు కాలిపోయిందంట" అని నేను వంటింటి గోడను చూస్తూ అంటే, "మెకానిక్కుకు ఫోన్ చేసినాలే" అని ఆయన వసారా గోడను చూస్తూ అనేవాడు. ఇది భయం కాదు, కోపం కాదు. మర్యాద.

గడప దాటితే మాత్రం నేను వేరే మనిషిని. ఎర్రగుంట్ల దగ్గర మా ఊళ్లోనే ఆరోగ్య కేంద్రంలో ఏఎన్‌ఎంగా పనిచేస్తాను. ఊరందరికీ నర్సమ్మను. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే మగవాళ్లను నిలబెట్టి రోజుకు ఎన్ని బీడీలు కాలుస్తారో, మందు ఎంత తాగుతారో అడుగుతాను. అత్త పక్కనే ఉండగా కోడలిని నెల తప్పి ఎన్నాళ్లయిందని అడుగుతాను. "ఈయమ్మకు సిగ్గనేది ల్యా" అని ముసలివాళ్లు నవ్వేవాళ్లు. సిగ్గు పడితే ఈ ఉద్యోగం చేయలేమని నేనూ గొప్పగా చెప్పుకునేదాన్ని. ఊరికి నోరున్న దాన్ని, ఇంట్లో మూగదాన్ని. ఆ తేడా నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు.

అసలు ఆ ఉద్యోగం చేయగలిగానంటే బావ వల్లే. పెళ్లయిన కొత్తలో మా అత్త ఒప్పుకోలేదు. ఊళ్లో అందరి పుండ్లూ కడిగి వచ్చి మా వంటింట్లో అడుగుపెడుతుందా అంది. మా ఆయన తల దించుకుని కూర్చున్నాడు. బావ అప్పుడే చేని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. "ఆ పిల్ల చదివింది పనికే గదా. పోనీలేమా" అన్నాడు, చెంబు పక్కన పెడుతూ. అంతే. మా ఇంట్లో ఆయన ఒకసారి అన్న మాటకు రెండో మాట ఉండదు. ఊళ్లో కూడా అంతే. సర్పంచు ఎవరైనా, గట్ల తగాదాకైనా మొగుడూపెళ్లాల తగాదాకైనా జనం ముందు మా వసారాకే వచ్చేవాళ్లు.

నాలుగేళ్ల కిందట కర్నూలు డాక్టర్లు కొందరు, ఒక స్వచ్ఛంద సంస్థ కలిసి కొన్ని ఊళ్లు ఎంచుకుని పెద్దపేగు క్యాన్సర్ పరీక్షలు మొదలుపెట్టారు. అందులో మా ఊరు ఒకటి. మమ్మల్ని కడపకు పిలిచి ఒక రోజంతా చెప్పారు. ఆ జబ్బు ఏళ్ల తరబడి లోపల చప్పుడు లేకుండా పెరుగుతుందట. మనిషికి తెలియకముందే మలంలో కంటికి కనపడనంత రక్తం పడుతుందట. దాన్ని పట్టుకోవడానికే ఈ పరీక్ష. యాభై దాటిన ప్రతి మనిషికీ ఒక చిన్న డబ్బా ఇవ్వాలి. దాని మూతకు ఒక పుల్ల ఉంటుంది. పుల్లతో మలాన్ని నాలుగు చోట్ల తాకించి, డబ్బాలో దించి మూత బిగించాలి. రక్తం ఉందని తేలితే కర్నూలుకు పోయి కెమెరా పరీక్ష చేయించుకోవాలి. "మొదట్లో దొరికితే అక్కడికక్కడే తీసి పారేస్తాం. ముదిరినాక వస్తే మా చేతుల్లో శానా తక్కువ ఉంటాదమ్మా" అన్నాడు ఆ డాక్టరు. ఆయనదీ మా సీమే. మాట తెలిసిపోయింది.

డబ్బాలతో పాటు ఒక కాగితం. దాని మీద మొదటి ప్రశ్న: దొడ్డికి పోయినప్పుడు రక్తం పడుతుందా?

ఊళ్లో ఎంత నవ్వారో చెప్పలేను. "దాన్ని డబ్బాలో పెట్టి నీ చేతికియ్యాల్నా? నీకేం ఖర్మమ్మా!" అని ఒకాయన నిజంగా నా మీద జాలి పడ్డాడు. మా వీధి చివర బొరుగులు అమ్మే అవ్వ ఒకామె ఉంది. ఆమె మరుసటి రోజు పొద్దున్నే టిఫిన్ క్యారియరు గిన్నె ఒకటి గుడ్డలో కట్టుకుని ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. "పుల్లతో గీకేదేందమ్మే పిసినారి యవ్వారం! అంతా తెచ్చినా, బాగా చూసుకోండి" అంది. ఆ గిన్నె మూత తీయకుండానే ఆమెకు దండం పెట్టి వెనక్కి పంపించాను. రక్తం సంగతి అడిగితే మగవాళ్లంతా ఒకటే మాట: వేడి. మా ఎండలకు ఏ జబ్బైనా వేడే. మజ్జిగ తాగితే, మెంతులు నానబెట్టి మింగితే పోతుంది. పోకపోతే మొలలు. మొలలకు ప్రొద్దుటూరులో పసరు మందు ఇచ్చేవాడు ఎలాగూ ఉన్నాడు.

సోమవారం డబ్బాలు పంచాను. గురువారం పొద్దున ఆరింటికి వ్యాను వచ్చి పట్టుకుపోతుంది. మంగళవారం మధ్యాహ్నానికి నాకు తిరిగి వచ్చినవి ఐదే ఐదు. రేషన్ షాపు దగ్గర జనం వరసలో ఉంటే అక్కడికే వెళ్లి అరవడం మొదలుపెట్టాను. నాకు కోపమొస్తే నోరు ఆగదు. రేపు మంచాన పడితే నా దగ్గరకు రావద్దని కూడా అన్నాను. వరసలోంచి ఒక ముసలాయన తాపీగా అడిగాడు.

"మాకు జెప్తాండావు సరేగాని నర్సమ్మా, మీ ఇంట్లో పెద్దాయన ఇచ్చినాడా?"

"ఇచ్చినాడు. మొదటి డబ్బా మా బావదే" అన్నాను.

ఆ మాట అనాలని అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. వరసలో గుసగుసలు పుట్టాయి. "ఆయప్పే ఇచ్చినాడంటే మనదేముందిలే" అన్నాడు ఆ ముసలాయన. బుధవారం సాయంత్రానికి నా సంచి నిండిపోయింది. సిగ్గుపడుతూ కొంగు చాటున పెట్టుకుని తెచ్చిన ఆడవాళ్లు, పిల్లల చేత పంపించిన మగవాళ్లు, స్కూటరు ఆపి నా చేతిలో పెట్టి వెనక్కి చూడకుండా పోయినవాళ్లు. బొరుగుల అవ్వ ఈసారి పుల్లతోనే తెచ్చింది. నా జీవితంలో అంత గర్వంగా ఇంటికి నడిచిన రోజు లేదు.

ఇంట్లో బావ డబ్బా స్నానాలగది గూట్లో అలాగే ఉంది. సోమవారమే దాని మీద ఆయన పేరు రాసి అక్క చేతికిచ్చాను. అక్క అక్కడ పెట్టింది. మూత తెరిచిన జాడ కూడా లేదు.

"అక్కా, బావ డబ్బా..." అన్నాను.

"నన్నడిగితే నాకేం తెల్సు? ఆయప్పను ఆ మాట అడిగేదానికి నాకు నోరొస్తాదా? ఊరందర్నీ అడుగుతాండావు, నువ్వే అడుగు" అంది అక్క, రాగిసంకటి కెలుకుతూ.

బావ వసారాలో కూర్చుని ఉన్నాడు. నేను గడప దాకా వెళ్లాను. "బావా, పొద్దునకు డబ్బా ఇస్తారా?" అంటే సరిపోయేది. ఆ నాలుగు మాటల కోసం గడప పట్టుకుని నిలబడ్డాను. పగలంతా ఊరి మగవాళ్లను అడిగిన నోరే అది. ఆయన దగ్గి పక్కకు తిరిగాడు. నేను వెనక్కి వచ్చేశాను. కాగితం మీద మొదటి ప్రశ్న ఎదురుగా నా చేత్తో "లేదు" అని రాశాను. దీపాలు పెట్టే వేళకు గూట్లోంచి డబ్బా తీసుకుపోయాను. తెల్లవారి ఆయన పేరున్న ఆ డబ్బాలో నాది పెట్టి మూత బిగించి వ్యానులో పంపించాను.

ఆ పూట నేను చెప్పుకున్న సాకులు గుర్తున్నాయి. బావ ఇవ్వలేదని తెలిస్తే రేపటినుంచి ఒక్కరు కూడా డబ్బా ముట్టుకోరు. ఇంతమందికి మేలు జరుగుతుంటే ఒక డబ్బాది ఏముంది? అరవై దగ్గరపడినా గంప ఎత్తి నడిచే మనిషి, ఆయనకేమవుతుంది? సాకులు అన్నీ బాగానే ఉన్నాయి. అసలు కారణం మాత్రం సిగ్గు. సిగ్గు లేదని ఊళ్లో పేరు తెచ్చుకున్నదాన్ని సిగ్గుపడి ఈ పని చేశాను.

రెండు వారాలకు కాగితాలు వచ్చాయి. బావ పేరు మీద వచ్చిన దాంట్లో అంతా బాగుందని ఉంది. బాగుండక ఏం, అది నాది కదా. అక్క ఆ కాగితాన్ని కళ్లకద్దుకుని, పట్టాదారు పాసుపుస్తకాలు పెట్టే కవరులో దాచింది.

బొరుగుల అవ్వకు రక్తం ఉందని వచ్చింది. కెమెరా పరీక్షకు కర్నూలు పోవాలి. పోవడమంటే బస్సెక్కడం కాదు. ముందు రోజు పేగు కడిగేసే మందు లీటర్ల కొద్దీ తాగాలి, పదిసార్లు దొడ్డికి పోవాలి. ఆ మందు తాగిన అరవై ఏళ్ల మనిషిని నంద్యాల మీదుగా ఐదు గంటల బస్సులో కూర్చోబెట్టి ఎలా తీసుకుపోవడం? ఈ సంగతి కడపలో ఎవరూ చెప్పలేదు. వాళ్లకు తట్టి ఉండదు. చివరికి ఒకరోజు ముందే కర్నూలు పోయి, ఆసుపత్రి దగ్గర మా పిన్ని కూతురి ఇంట్లో దిగాం. ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బాత్రూము ఆ సాయంత్రమంతా అవ్వదే. "నా పాపాలన్నీ పోతాండాయమ్మే" అని లోపలినుంచి కేకలేసేది. మరునాడు ఆమె పేగులోంచి రెండు పిలకల్లాంటివి తీసేశారు. అందులో ఒకటి ఇంకో రెండు మూడేళ్లు ఉంటే క్యాన్సర్ అయ్యేదేనని చెప్పారు. అవ్వ ఈరోజుకూ బొరుగులు అమ్ముతోంది. ఎక్కడ కనిపించినా నా చెయ్యి పట్టుకుంటుంది. "మీ బావ ఇచ్చినాడంటేనే గదమ్మే నేనూ ఇస్తిని. ఆ పుణ్యాత్ముడు సల్లగుండాల" అంటుంది. ఆ మాట విన్న ప్రతిసారీ నేను ఏదో పని గుర్తొచ్చినట్టు నడిచిపోతాను.

ఆ మరుసటి ఏడు ఎండాకాలంలో అక్క బావ పంచెలు వేరుగా ఉతకడం చూశాను. చూసి ఊరుకున్నాను. ఆయన పంచెకట్టు పైన బెల్టు ఇంకో రంధ్రం లోపలికి పోయింది. అదీ చూశాను. ఒకరోజు పెరట్లో అక్క నా పక్కకు వచ్చి గొంతు తగ్గించింది.

"ఆయప్పకు అప్పుడప్పుడు రక్తం పడ్తాదంట మే. నాకు గుడ్డలు చూస్తేనే తెలిసె. కాగితంలో బాగుందని వచ్చె గదా, ఇంగ మొలలేలే?"

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. అక్కకు ఆ కాగితం ఉంది, నమ్మింది. నాకు ఆ సాకు కూడా లేదు. ఆ కాగితం ఎవరిదో లోకంలో నా ఒక్కదానికే తెలుసని అప్పుడు అనుకునేదాన్ని. పరీక్ష మళ్లీ చేయిద్దాం అంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే ఉద్యోగం పోతుంది, ఇంట్లో మొహం చూపించలేను.

"మొలలేమోలే అక్కా. మజ్జిగ ఎక్కువ తాగమను" అన్నాను.

నర్సుగా ఊరందరికీ వద్దని చెప్పిన మాటే, నా నోటితో మా అక్కకు చెప్పాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెంపలు మండుతున్నాయి.

ఇంకో ఎనిమిది నెలలు గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం బావ అన్నం ముందునుంచి లేచి వాంతి చేసుకున్నాడు. రెండు రోజులుగా దొడ్డికి పోలేదని, గాలి కూడా పోవడం లేదని అప్పుడు తెలిసింది. కడుపు గట్టిగా ఉబ్బి ఉంది. కారులో కర్నూలుకు తీసుకుపోయాం. పెద్దపేగుకు గడ్డ అడ్డం పడింది. వెంటనే ఆపరేషన్ చేసి, పేగు కొసను పొట్ట మీదికి తీసి అక్కడ సంచి తగిలించారు. గడ్డ అప్పటికే పక్కన గ్రంథుల దాకా పాకిందని, మందులు ఎక్కించాలని చెప్పారు.

డాక్టరు అడిగాడు, ముందు ఎప్పుడైనా పరీక్ష చేయించారా అని. అక్క చేతిసంచిలోంచి కవరు తీసింది. ఆ కంగారులో కూడా ఆ కాగితాన్ని మరిచిపోకుండా తెచ్చింది. "మా చెల్లెలే జేయించింది సార్. నర్సు. బాగుందని వచ్చె" అంది, నన్ను ముందుకు నెడుతూ. డాక్టరు కాగితం చూసి తలాడించాడు. ఈ పరీక్షకు ఒక్కోసారి దొరకదమ్మా, అందుకే ఏటేటా చేయించుకోమంటాం, లక్షణాలుంటే కాగితం ఎలా ఉన్నా రావాలి, మీ తప్పేం లేదు అన్నాడు. బయటికి వచ్చాక అక్క నా వీపు నిమిరింది. "నువ్వేం జేస్తావు మే. మన రాత" అంది. నేను ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చాను. అది బావ కోసం అనుకుంది పాపం.

తోడబుట్టినవాళ్లు కూడా కెమెరా పరీక్ష చేయించుకోవాలని డాక్టరు చెబితే మా ఆయన్ను దాదాపు చెవి పట్టుకుని తీసుకుపోయాను. ఆయనకేమీ లేదు. ఆ విషయంలో మాత్రం సిగ్గుపడలేదు. ఆలస్యంగా వచ్చిన బుద్ధి.

ఇంటికి వచ్చాక సంచి సమస్య. రోజూ ఖాళీ చేయాలి, మూడు నాలుగు రోజులకోసారి మార్చాలి, చుట్టూ చర్మం ఒరుసుకుపోకుండా తుడవాలి. అక్క చేతులు వణికేవి, రెండుసార్లు అంతా మంచం మీద పడింది. "నువ్వే చెయ్ మే, నీకు చేతనవుతాది" అని ఏడుస్తూ పక్కకు తప్పుకుంది. మొదటిరోజు నేను గిన్నెలో గోరువెచ్చని నీళ్లు తీసుకుని గదిలోకి వెళ్లినప్పుడు బావ మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. నేనూ సంచినే చూస్తూ పని చేశాను. ఒక్క మాట అడగడానికి నోరు రాని మనిషి పొట్ట మీద చెయ్యి వేసి ఆ మలాన్నే తుడుస్తున్నాను. మర్యాద ఎక్కడికి పోయిందో తెలియదు. అప్పటికి రెండేళ్ల ముందే అది పోయి ఉంటే బాగుండేది.

రెండు నెలలు అలా గడిచాక ఒక ఉదయం పాత సంచి తీస్తూ తీస్తూ ఉండలేకపోయాను.

"బావా, ఆ డబ్బాలో ఉండింది మీది కాదు" అన్నాను. గోడకు కాదు, ఆయనకే.

బావ మొహం నా వైపు తిప్పాడు.

"నాకు తెల్దామ్మా? నేనియ్యకుండానే నా పేరు మీద కాగితం యాట్నుంచి వస్తాది?" అన్నాడు.

నా చెయ్యి ఆగిపోయింది.

"రేషన్ షాపు కాడ నువ్వన్న మాట ఆ పొద్దే నాకు తెలిసె. ఊరంతా ఇస్తాండారంటిరి. కాదని నేనెట్ల చెప్పేది? నీ ఉద్యోగం పోదా? అప్పటికే నాకు రక్తం పడ్తాండె. ఎవురికి జెప్పుకునేది, ఎట్ల జెప్పుకునేది?" ఆయన గొంతు సవరించుకున్నాడు. "రెండు దినాలు ఆ డబ్బాను చూస్తా ఉంటి. సిగ్గయ్యె. ఇచ్చేద్దాము, మరదలి మాటన్నా నిజమైతాదని బేస్తవారం తెల్లార్తో పోయి చూస్తి. గూట్లో డబ్బా ల్యా."

నేను బుధవారం సాయంత్రమే తీసుకుపోయానని చెప్పాను కదా. వ్యాను గురువారం ఆరింటికి. ఆయన ఐదింటికి లేచే మనిషి అని ఇరవై ఏళ్లుగా నాకు తెలుసు. ఒక్క రాత్రి దాన్ని అక్కడే ఉంచి ఉంటే.

బావ గిన్నె వైపు చూశాడు. "నీళ్లు సల్లారిపోతాండాయి" అన్నాడు. నేను సంచి మార్చి, అంచు నొక్కి, గిన్నె తీసుకుని పెరట్లోకి వచ్చేశాను.

మధ్యలో ఆగిపోయిన ఆ డబ్బాలు ఈ సంవత్సరం మళ్లీ వచ్చాయి. ఈసారి అవ్వ సంగతి తెలిసి, కర్నూలు పోవాల్సినవాళ్లకు ముందురోజే అక్కడ ఉండటానికి గది, పోను రాను బండి కూడా ఏర్పాటు చేశారు. ఆ విషయం చెబితే జనం ఎగబడతారనుకున్నాను. మొదటి ఇంట్లోనే తలుపు దగ్గర ఆపేశారు.

"మీ బావది బాగుందనే గదా కాగితమొచ్చింది? అయినా రోగమొచ్చె. ఇంగ దేనికమ్మా ఈ డబ్బాలు?"

రెండో ఇంట్లో అదే మాట. ఐదో ఇంట్లో అదే. ఊరంతటికీ బావ కాగితం సంగతి తెలుసు. అక్కే చెప్పుకుంది, అప్పట్లో గర్వంగా, ఇప్పుడు ఏడుస్తూ. నా అబద్ధం మొదటిసారి డబ్బాలు తెచ్చిపెట్టింది, రెండోసారి తలుపులు మూయించింది. బొరుగుల అవ్వ ఒక్కతే వీధిలో నిలబడి అందరితో పోట్లాడుతోంది. అవ్వలాంటివాళ్లు ఈ ఊళ్లో ఇంకా ఎంతమంది ఉన్నారో, వాళ్ల కడుపుల్లో ఏముందో ఎవరికి తెలుసు?

చెప్పేయాలని నిర్ణయించుకున్నాను. శుక్రవారం ఆరోగ్య కేంద్రం ముందు నాపరాళ్ల అరుగు మీద మీటింగ్ పెట్టాను. మా పైన ఉండే పెద్ద డాక్టరమ్మ వచ్చింది, ఊళ్లో మగవాళ్లు, ఆడవాళ్లు వచ్చారు. ఏం చెప్పాలో పొద్దుట్నుంచి మనసులో అనుకుంటూనే ఉన్నాను. ఆ డబ్బాలో పెట్టింది నాది, రాసింది నేను, తప్పు పరీక్షది కాదు. మూడు ముక్కలు. నీళ్లు తాగడానికి పక్కకు తిరిగాను.

ఎప్పుడు వచ్చాడో, బావ చేతికర్ర పట్టుకుని ముందుకు నడుస్తున్నాడు. జనం లేచి దారి ఇచ్చారు.

"మీకొక మాట జెప్పాల" అన్నాడు. "ఆ డబ్బాలో ఉండింది నాది గాదు. నేనియ్యల్యా. నాకు సిగ్గయ్యె. ఊళ్లో పరువు పోతాది, ఎట్లన్నా నా పేరు మీద ఒగటి పంపియ్యమని మా మరదలిని నేనే బలవంతం జేస్తి. ఆయమ్మ వద్దనే అనె. నేనే వినల్యా."

చొక్కా పైకెత్తాడు. సంచి అందరికీ కనిపించింది. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన ఇంట్లో కూడా చొక్కా లేకుండా మా ముందుకు వచ్చినవాడు కాదు.

"పరీక్ష మంచిదే. అవ్వను చూడండి, నన్ను చూడండి. సిగ్గుపడితే ఇట్లయితాది" అని చొక్కా దించుకున్నాడు.

డాక్టరమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది. అప్పుడు చెప్పాల్సింది. కాదు, ఆయన అబద్ధం చెబుతున్నాడు, నన్నెవరూ బలవంతం చేయలేదు, ఆయన ఇద్దామని వచ్చేసరికి నేను డబ్బా తీసుకుపోయాను అని. నోరు తెరిచాను కూడా. బావ నా వైపు చూడలేదు. కర్ర ఆనించుకుని మెల్లగా ఇంటిదారి పట్టాడు.

అరుగు మీద పెట్టిన డబ్బాలు ఒక్కొక్కటే తీసుకుపోతున్నారు. రేషన్ షాపు దగ్గర నన్ను అడిగిన ఆ ముసలాయన రెండు తీసుకున్నాడు, ఒకటి భార్యకు. పేర్లు రాసుకుంటున్న నా చెయ్యి పట్టుకుంది బొరుగుల అవ్వ. ఆమె కళ్లలో నీళ్లు.

"పెద్దాయన మాట కాదనలేక లోపల్లోపల ఎంత నలిగిపోయినావో తల్లీ, ఇన్నేండ్లు" అంది.

నేను తల ఊపాను.